ఈశాన్యం సరే, మట్టి సంగతేంటి?

బందరు నుంచి గుడివాడ వెళ్లే దారిలో నిన్నటి వరిచేనుకు నేడు కొత్త పేరు. నాలుగు లారీల బుసక తోలి, సరిహద్దు రాళ్లు పాతి, వాటికి రంగు పూస్తే అదే వెంచర్. కొనేవారు వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొస్తారు. ఆయన ఈశాన్యం చూస్తాడు, వీధిపోటు చూస్తాడు. కాళ్ల కింది మట్టిని మాత్రం ఎవరూ చూడరు.

చూస్తే, చాలాచోట్ల అది నల్లరేగడి. వానలకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండలకు చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి కుంగుతుంది. గృహప్రవేశాన పాలు పొంగితే శుభం. పునాది కింద నేల పొంగితే గోడకు పగులు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గడ్డలా ఉబ్బెత్తుగా ఉండే అండర్‌ రీమ్డ్ పైల్ పునాదిని రూపొందించింది.

మట్టి పరీక్షా బ్రహ్మవిద్యేం కాదు. బోరుగుంటలోని గొట్టంపై 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, ఆ గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. శంకుస్థాపనలో కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగలాలి. ఇక్కడ మాత్రం దెబ్బలు ఎక్కువైతేనే శుభం!

మట్టితోపాటు ఎత్తూ చూడాలి. దివిసీమలో ‘సముద్రానికి కూతవేటు దూరం’ అని బ్రోచర్లో వేస్తే అదో ఆకర్షణ. 1977 నవంబరు 19న ఆ సముద్రమే ఉప్పెనై ఊళ్ల మీదికొచ్చింది.

అడ్వాన్సు చేతిలో పెట్టేముందు రెండు కాగితాలు అడగండి: మట్టి పరీక్ష నివేదిక, సముద్రమట్టానికి ఆ స్థలం ఎత్తు.