కప్పు సరే, ఆటేదీ?

ఆటల పోటీకి వచ్చిన ప్రతి పిల్లవాడికీ కప్పు ఇవ్వొచ్చా అనే ప్రశ్న లేస్తే చాలు, పెద్దలకు ఎక్కడలేని క్రమశిక్షణా గుర్తొస్తుంది. 2015లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ హారిసన్ తన కొడుకులిద్దరికీ ఊరికే వచ్చిన ట్రోఫీలను తిప్పి పంపేస్తానని ప్రకటిస్తే అక్కడ చాలామంది చప్పట్లు కొట్టారు. మన దగ్గరా అదే బెంగ: ఓడినవాడికి కూడా కప్పిస్తే వాడికి గెలుపు విలువ ఎలా తెలుస్తుందని. ఈ మాట తరచుగా బహుమతి ప్రదానోత్సవాల్లో, మైకు ముందు నుంచి వినిపిస్తుంది. ఆ వేదికను ఓసారి తేరిపార చూడండి. గంటన్నర ఆలస్యంగా వచ్చినందుకు ముఖ్య అతిథికి శాలువా, జ్ఞాపిక. ఆయన పక్కన కూర్చున్నందుకు విశిష్ట అతిథికి శాలువా, జ్ఞాపిక. రాలేకపోయినవారి తరఫున వచ్చినాయనకు కూడా లోటు చేయరు. ఆ జ్ఞాపిక ఫైనల్లో గెలిచిన పిల్ల చేతిలో కప్పు కంటే ఓ అంగుళం పొడుగే ఉంటుంది. హాజరు కప్పులు మనుషుల్ని చెడగొడతాయనుకుంటే ముందు ఖాళీ అయ్యేది ఆ ముందు వరుసే.

పైగా ఇది మెత్తబడిపోయిన ఈ కాలపు వింతేమీ కాదు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే పాల్గొన్న వాళ్లందరికీ ఓ పతకం ఇచ్చారు, ఆ ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని చూసి మా వాడు స్వర్ణం గెలిచాడనుకున్న దేశం లేదు. అక్కడిదాకా వెళ్లడమే ఓ గెలుపు కదా అంటారా? నిజమే. మన పోటీల్లో అక్కడిదాకా వెళ్లడానికి కావలసిన అర్హత ఎంట్రీ ఫీజు. కరపత్రంలో పోటీ తేదీ కన్నా పెద్ద అక్షరాల్లో ‘ప్రతి ఒక్కరికీ మెడల్, సర్టిఫికెట్’ అని ఉంటుంది. కప్పు పిల్లల చేతిలో పెడతారు గానీ, బేరం జరిగింది తల్లిదండ్రులతో. డబ్బు కట్టినవాళ్లు ఫొటో తీసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి మరి.

ఈ ముందస్తు హామీ దగ్గరే అసలు చిక్కుంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకు చెప్పకుండా ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. కొన్నాళ్లకు చూస్తే, ముందే మాట తీసుకున్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మల జోలికి వెళ్లారు. అనుకోకుండా అందుకున్నవాళ్లకు మాత్రం ఏ నష్టమూ జరగలేదు. హాజరు కప్పుల వ్యతిరేకులు ఈ ప్రయోగాన్ని సంతోషంగా వాడుకోవచ్చు, కాకపోతే ముందే ప్రకటించిన మొదటి బహుమతికీ ఇదే దెబ్బ తగులుతుందని వాళ్లు గమనించాలి.

కాబట్టి నా ఫిర్యాదు కప్పు మీద కాదు, పిల్లలకు దక్కని ఆట మీద. 64 మంది పిల్లలతో నాకౌట్ బ్యాడ్మింటన్ పోటీ పెడితే మొత్తం 63 మ్యాచ్‌లు జరుగుతాయి. మొదటి రౌండు ముగిసేసరికి 32 మంది ఇంటిదారి పడతారు. పొద్దున్నే లేచి, బస్సెక్కి వచ్చి, గంటలకొద్దీ కూర్చున్న పిల్ల ఇరవై నిమిషాలు ఆడి మెడలో పతకంతో వెనక్కి వెళుతుంది. విస్తరి వేసి, వడ్డించకుండా, తాంబూలం చేతిలో పెట్టి పంపడం లాంటిదిది. ఇంకా ఆట నేర్చుకోవలసినవాళ్లకే అందరికన్నా తక్కువ ఆట దక్కుతోంది. అదే పిల్లల్ని నలుగురేసి చొప్పున 16 గ్రూపులు చేసి లీగ్ ఆడిస్తే ప్రతివాళ్లకూ కనీసం మూడు మ్యాచ్‌లు దొరుకుతాయి. గ్రూపుల్లో 96, ఆపైన నాకౌట్‌లో 15, వెరసి 111.

అన్ని మ్యాచ్‌లకు కోర్టులెక్కడివి, టైమెక్కడిది అని నిర్వాహకులు అడగక మానరు. న్యాయమైన ప్రశ్నే. మ్యాచ్‌ను ఒక్క గేమ్‌కు కుదించవచ్చు. కప్పుల డబ్బు షటిల్స్‌కు పనికొస్తుంది. ప్రసంగాల్లో సగం తగ్గిస్తే మిగిలే టైముతో ఇంకో పోటీ పెట్టుకోవచ్చు. మరి చిన్నపిల్లలు ఏడవరా? ఏడుస్తారు. అయిదారేళ్ల వాళ్లకు తలా ఓ చాక్లెట్ పెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాస్త పెద్ద పిల్లలకు స్కోరు మనకన్నా బాగా గుర్తుంటుంది, కప్పు చూపించి వాళ్లను మరిపించలేం. ఓడిన గంటకే మళ్లీ కోర్టులోకి దిగే అవకాశం ఉంటే ఆ ఏడుపు ఎక్కువసేపు నిలవదు. ఇంతా చేసి, అయిదో తరగతి దాకా అందర్నీ విజేతల్ని చేసిన ఈ సమాజమే ఇంటర్‌కు వచ్చేసరికి కాలేజీ ప్రకటనలో ఫొటో పడనివాణ్ణి లెక్కలోంచి తీసేస్తోంది. అన్నేళ్ల పాటు ఇచ్చిన మెడల్స్ అప్పుడు ఎవరికీ గుర్తుండవు.

ఈసారి ఎంట్రీ ఫారం నింపే ముందు నిర్వాహకుల్ని ఒక్కటే అడగండి: మొదటి మ్యాచ్ ఓడినా మా పిల్లకు ఇంకెన్ని మ్యాచ్‌లు ఉంటాయి? ఏమీ ఉండవంటే ఫీజు కట్టకండి.