సర్వరుగారి సంసారము

సర్వరు అను మాటకు మా పలమనేరులో మొన్న మొన్నటివరకు రెండే అర్థము లుండెడివి. బస్టాండు ఎదుటి కాఫీహోటలులో చెవిమీద పెన్సిలు దోపుకొని, ఒక్క చేతిమీద నాలుగు దోసెల పళ్లెములను గోపురమువలె నిలుపుకొని వచ్చు మహానుభావుడు మొదటి యర్థము. రేషను దుకాణమునందును, భూమికాగితముల గదియందును "సర్వరు డౌను, రేపు రాపో" అనిపించి మనలను ఇంటికి పంపు అదృశ్యదేవత రెండవ యర్థము. మొదటివాడు పిలిచిన పలుకును. రెండవది ఎంత పిలిచినను పలుకదు. ఈ రెండర్థములతో ఊరు సుఖముగా కాలక్షేపము చేయుచుండగా, మూడవ యర్థమును గోనెసంచిలో పెట్టుకొని బెంగళూరి బస్సులో తెచ్చినవాడు మా వీధి చివరి యింటివాడు.

వీని పేరు చెప్పను; చెప్ప నక్కరయు లేదు. ఇట్టివాడు మదనపల్లెలో నొకడు, పుంగనూరులో నొకడు, కుప్పములో నొకడు తప్పక యుండును. బెంగళూరిలో కంప్యూటరు కొలువు చేయుచు, 2020లో కరోనా తరుమగా మూటాముల్లె సర్దుకొని సొంతవూరు చేరి, ఇంటినుండియే పని చేయ మరిగిన జాతి యిది. వయస్సు నలుబదికి అటునిటు. నడినెత్తిన వెండ్రుకలు పలుచన. చొక్కాజేబులో నెల్లప్పుడు నొక బుల్లి స్క్రూడ్రైవరు. ఇంటికి చుట్టము వచ్చిన "కాఫీ తాగుతావా" అనుటకు ముందు "వైఫై కావాల్నా" అని యడుగును. కావలెనన్నచో అసలుది ఇయ్యడు. అతిథులకై వేరుగా కట్టించిన ధర్మసత్రమువంటి వైఫై యొకటి గలదు, వారికి అందులోనికి మాత్రమే ప్రవేశము. సొంత బావమరదికిని సత్రమే గతి.

ఇంటిలోనే సర్వరును నిలుపు ఈ మహాయజ్ఞమునకు బీజము మిక్కిలి చిన్నది. ఒకనాడు వాని చేతిఫోను, నిలువజాగా నిండినదనియు, ఇకమీదట బిడ్డల ఫోటోలు పదిలముగా నుండవలెనన్న నెలనెల బాడుగ చెల్లింపవలసినదనియు నొక వర్తమానము చూపెను. ఇతరులైనచో ఆ నూరు చిల్లర చెల్లించి, మఱచి, నిద్రపోయెడివారు. మనవాడు నిద్రపోలేదు. "నా బిడ్డ ఫోటో నేను చూసుకునేదానికి ఎవురికో బాడుగ కట్టేదేంది అయ్యోరా? మా తాత కట్టిన ఇల్లుండాది, అటకుండాది, కరెంటుండాది!" అని నాతో పలుకునప్పుడు వాని కన్నులలో ఉప్పుసత్యాగ్రహపు కాంతి మెఱసినది. నేను తెలుగు చెప్పి విశ్రాంతి గొన్న వృద్ధుడను. నిలువజాగా యన్న నాకు వడ్లగాదె తప్ప వేరొకటి తోచదు. అయినను స్వరాజ్యమువంటి మాట చెవిని బడినచో తల యూచుట మా తరమువారి కలవాటగుటచే ఊచితిని. ఆ యూచుటయే నా కొంప తీసినది. ఆ కథ తుదకు వచ్చును.

మరునాడే వాడు బెంగళూరి ఎస్.పి. రోడ్డులో ప్రత్యక్షమయ్యెను. సంతలో దున్నలేని యెద్దుల నమ్మినట్లు, కంపెనీలు కొన్నియేండ్లు దున్ని విడిచిన కంప్యూటర్లను బేరమాడి యమ్ము వీధి యది. అందొక ముసలిదానిని పండ్లు పట్టి చూచి, బేరమాడి, కోలారు, ముళబాగిలు, నంగిలి దాటునంతవరకు పురిటిబిడ్డవలె ఒడిలో నుంచుకొని యిల్లు చేరి, వాకిట కూర్చున్న జేజితో "జేజీ, సర్వరును తెచ్చినా" అనెను. చూపు ఆనని ఆ పెద్దమ్మ వీధివైపు తలయెత్తి, "ఎవురి బిడ్డో పాపం, ఎండన బడి వచ్చినాడు, ముందు కాళ్లకు నీళ్లియ్యి. సంగటి తింటాడేమో అడుగు" అనెను. సర్వరు సంగటి తినలేదు గాని, తినదగినదేదో తినుచునే యున్నదని ఆ యింటి కరెంటుబిల్లు నెల తిరుగకముందే సాక్ష్యము చెప్పెను.

యంత్రములకు పేర్లు పెట్టుట ఈ జాతికి బారసాలతో సమానము. ఈ పెద్దదానికి ఐరావతమని పేరు. అది తెల్లనిదియు గాదు, దంతములును లేవు గాని, మేతయందు పోలిక కలదు. ఎల్లవేళల 60 వాట్లు మేయును. రాత్రింబవళ్లు నెలంతయు మేసిన 43 యూనిట్లకు పైమాట. "ఫోటోలు పెట్టుకునేదానికి నలభైమూడు యూనిట్లా? ఆ కరెంటుకు ఇంకొక ఫ్రిజ్జి వస్తాది కదా, పాలన్నా నిలువుంటాయి" అని భార్య వేసిన ప్రశ్నకు మనవానివద్ద నేటికిని సమాధానము లేదు, సమాధానము లేనప్పుడు ఈ జాతివారు మరియొక యంత్రమును కొందురు. అట్లు వచ్చినది రెండవది, అరచేతి యంత్రము. కేంబ్రిడ్జిలోని కొందఱు పెద్దలు, పిల్లలకు కంప్యూటరు విద్య అబ్బవలెనని 2012లో 35 డాలర్ల వెలతో విడుదల చేసిన రాస్ప్‌బెర్రీ పై యను పలక అది. దానికి మనవాడు పెట్టిన పేరు పుంగనూరు. ఈ నామకరణమందు మాత్రము వాని ప్రతిభను నేను శిరస్సు వంచి యంగీకరింతును. మా పొరుగూరి పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తుకు మించదు, పిడికెడు మేతతో తృప్తినందును, పాలు కొంచెమైనను వెన్నశాతము సామాన్యపు ఆవుపాలకు రెండింతలుండును. ఈ పలకయు నట్లే, ఫోను చార్జరువంటిదాని కొసకు కట్టివేసిన చాలు, మాఱుమాటాడక పాలిచ్చుచుండును. ఇంటర్నెట్టు తీగకు మా యేటి పేరు, కౌండిన్య. వానలు పడిన ప్రవహించును, లేనిచో ఇసుక.

తీగల ప్రకరణము గొప్పది. 1973లో అమెరికాయందు జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయమున రాబర్టు మెట్‌కాఫ్ అను నతడు కంప్యూటర్లనన్నింటిని ఒకే తీగతో కలుపు ఉపాయమును పన్ని, దానికి ఈథర్‌నెట్ అని పేరిడెను. ఈథరనగా, కాంతి నడచుటకు విశ్వమంతయు నిండియున్నదని పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు నమ్మి, పిమ్మట లేదని వదలుకొన్న సూక్ష్మద్రవ్యము. మన ఆకాశమహాభూతమునకు దాయాది యనవచ్చును. నేనీ మాట చెప్పగా మనవాడు పరమానందభరితుడై, "అయితే అయ్యోరా, నేను చేస్తా ఉండేది పంచభూతాల పనే" అని, ఆకాశమును గోడలో దూర్చుటకు డ్రిల్లింగుమిషను చేతబట్టెను. అది తాతలనాటి రాతిగోడ. ఆకాశము దూరుటకు రెండు డ్రిల్లుబిట్లు విరిగినవి.

ఆ తీగ తోలు నొలిచినచో లోపల ఎనిమిది పోగులుండును. వానిని తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలము, తెలుపు-నీలము, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అను వరుసలో పేర్చి, గాజుపంటివంటి కొసలో దూర్చి, పటకారుతో నొక్కవలెను. ఈ అష్టాక్షరిని వాడు స్నానము చేయుచును జపించును. ఇందు పచ్చజంటను విడదీసి, నడుమ నీలపుజంటను కూర్చుండబెట్టుటయే రహస్యము. మొగుడూపెండ్లాల నడుమ ఊరినుండి వచ్చిన చుట్టాలు పండుకొన్నట్లున్నదని వాని భార్య చెప్పిన ఉపమానము, నా ముప్పదియేండ్ల అధ్యాపకత్వములో నే విన్న ఉపమానములలో నుత్తమశ్రేణికి చేరినది. ఒక్క పోగు గతి తప్పినను ఆవలికొసన దీపము వెలుగదు. అప్పుడు మనవాడు కొసను గోసి, మఱల నొలిచి, మఱల నొక్కును. ఆ యింటి గుమ్మమునొద్ద రాలిన రంగుపోగులను ఏరి, జేజి ఆవుదూడ మెడకు గజ్జెలతాడు పేనినది. ఇంతవరకు ఆ యింటిలో తీగలవలన నిస్సంశయముగా లాభపడినది ఆ దూడయే.

వాని గర్వమంతయు మా యూరి గాలిమీద. చిత్తూరునుండి మొగిలి కనుమ నెక్కివచ్చినవారికి ఇక్కడి చల్లదనము తెలియనిది కాదు. "ఫేస్‌బుక్కోళ్లు 2013లో స్వీడన్‌లో ధ్రువం పక్కకు పోయి లూలియోలో డేటాసెంటరు కట్టినారు, ఎందుకు? మిషన్లు వేడెక్కకుండా చలి ఊరకే వస్తాదని! నాకు మా ఊరే లూలియో" అనును. 2025లో గూగులువారు విశాఖపట్టణమున 1,500 కోట్ల డాలర్లతో అట్టి శాలను నిర్మింతుమని ప్రకటించిననాడు, వాడు పత్రికను తెచ్చి నాకు చూపి, "రాష్ట్రంలో మనకు తోడు వస్తా ఉండారు" అని, తోడికోడలు కాపురమునకు వచ్చుచున్నదని విన్న పెద్దకోడలివలె గంభీరముగా నవ్వెను.

అయితే వానికొక మహాదుఃఖము గలదు. ఇంటిలోపలి యంత్రములకు 192.168తో మొదలగు నంకెలుండును. అవి చిట్టి, బుజ్జి, చిన్నోడా యను ముద్దుపేర్లవంటివి. ప్రతియింట నొక చిట్టి యుండును. వీధిలో నిలిచి చిట్టీ యని పిలిచిన పదిమంది పలుకుదురు. వీధిలో పలుకవలెనన్న లోకమంతటికి నొక్కటే యగు చిరునామా కావలెను. ఈ పద్ధతిలో అట్టివి లెక్కకు 429 కోట్లే గలవు. 2011 ఫిబ్రవరిలో వాని మూలభాండారము నిండుకొన్నది. అందుచేత పెక్కు ఇంటర్నెట్టు కంపెనీలు ఒక్క డోరునంబరు క్రింద వందల యిండ్లను కాపురముంచి, తపాలాబంట్రోతు పాత్ర తామే వహించుచున్నవి. లోపలివారు బయటికి పోవచ్చును. బయటనుండి యెవడైన వచ్చి ఫలానావాని యిల్లెక్కడ యని యడిగిన చెప్పువాడు లేడు. మనవాడు తిరుపతికి పోయి, కొండమీదనుండి తన యింటి సర్వరును దర్శింపనెంచి, సర్వదర్శనపు వరుసలో నిలుచుండి గంటసేపు ప్రయత్నించి, స్వామి దర్శనమైనను సర్వరు దర్శనము గాక తిరిగివచ్చెను. పిమ్మట ఉపాయమొకటి దొరకినది: ఊరూపేరూ గల చిరునామాతో నొక చిన్నయంత్రమును వేరొక కంపెనీనొద్ద నెలబాడుగకు తీసికొని, దానినుండి తన యింటికి సొరంగము త్రవ్వుకొనుట. ఆ బాడుగ ఫోటోల బాడుగకు మూడింతలు. ఈ గణితమును నేను వాని యెదుట నెన్నడును ప్రస్తావింపలేదు. ప్రస్తావించినది వాని భార్య.

పరోపకారము కూడ గలదు. కౌండిన్య యడవిని ఆనుకొని బావమరదికి టమోటాతోట యున్నది. ఏనుగులు దిగి త్రొక్కిపోవుట అక్కడ నిత్యకృత్యము. అక్కడ కెమెరా నాటి, ఏనుగు కనబడిన ఫోను మ్రోగునట్లు మనవా డేర్పాటు చేసెను. అది మొదటిరాత్రి గాలికి కదలిన అరటాకును చూచి పదునేడుమార్లు మ్రోగెను. ఏనుగు వచ్చిన రాత్రి మ్రోగలేదు, ఏలన ఏనుగు మొదట కెమెరా గుంజనే పెరికెను. "బావా, ఏనుగు వస్తే మా కుక్క చెప్తాది. ఏనుగును పంపించేదానికేమన్నా ఉంటే తీసుకురా" అని బావమరది సవినయముగా మనవి చేసెను. 2025లో కర్ణాటకమునుండి కుంకీ ఏనుగులు వచ్చి, ముసలిమడుగునొద్ద వానికి శిబిర మేర్పడిన తరువాతగాని ఈ విషయమున మనవానిని ఎవరును పిలుచుట మానలేదు.

ఈ జాతివారికి ఆయుర్దాయము మనుష్యులది ముఖ్యము కాదు, యంత్రము ఆరిపోక వెలిగిన దినముల లెక్క ముఖ్యము. ఐరావతము 211 దినములు వెలిగినది. 212వ నాటి యుదయమున జేజి ఊరుబిండి రుబ్బించుటకు మిక్సీకి ప్లగ్గు వెదకి, అటకక్రింద నొకటి యూరక యాక్రమింపబడియుండుట చూచి, పెరికినది. చెనిగ్గింజలు మెత్తగా నలిగినవి. మనవాడు వచ్చి, తెరమీద దినముల లెక్క సున్నయై యుండుట చూచి, మాటలాడక పెరటికి పోయి బావిగట్టున కూర్చుండెను. ఊరుబిండి మాత్రము ఆనాడు రెండుమార్లు వడ్డించుకొనెను.

ఇక మదనపల్లె. సమాచారము నిజముగా భద్రముండవలెనన్న మూడు ప్రతులుండవలెననియు, అవి రెండు తెఱగుల సాధనములమీద నుండవలెననియు, అందొకటి వేరుచోట నుండవలెననియు ఈ శాస్త్రమున నొక సూత్రము గలదు. ఇల్లు కాలినను, దొంగ దూరినను, ఆ వేరుచోటి ప్రతి బ్రదికియుండును. మనవానికి వేరుచోటు అత్తవారిల్లు. నెలకొక ఆదివారము తప్పక మదనపల్లె పోయి, అక్కడ నుంచిన డిస్కును ఇంటినుండి తెచ్చిన డిస్కుతో మార్చుకొని వచ్చును. పెండ్లియై పండ్రెండేండ్లలో పండుగలకు కూడ పిలిచిన గాని రాని యల్లుడు, నెలనెల రానారంభించుటతో అత్తగారు మురిసి, కోడిని కోయించి, వీధివారితో "దేవుడట్లాంటోడు మా అల్లుడు" అని చాటుచుండెను. నిజము తెలిసినవాడు మామగా రొక్కడే. ఆయనయు చెప్పలేదు, కోడికూర తనకును లభించుచుండుటచే.

అల్లునకు ఇంత ప్రాణమైన వస్తువు నూరక బల్లమీద నుంచుట ఆ తల్లికి మనసొప్పలేదు. విజయదశమినాడు ఆయుధపూజకు కత్తిపీటను, కుట్టుమిషనును, మామగారి స్కూటరును కడిగి నిలిపినపుడు, దానిని మాత్రము కడుగలేదు, తడిగుడ్డతో తుడిచినది. అంతట పసుపు పూసి, కుంకుమ పెట్టి, తీగ గ్రుచ్చు నోటియందు కొంచెము పసుపుముద్ద నుంచి, నిమ్మకాయ దిష్టి తీసినది. తరువాతి యాదివారము మనవాడు ఆ డిస్కును చేతబట్టుకొని చాలసేపు నిలుచుండెను. "ఏం నాయనా, ఇంగా కుంకం పెట్టాల్నా?" అని యామె యడిగినది. వాడు పాదములకు నమస్కరించి వచ్చెను.

ఆ సాయంత్రమే వాడు మా యింటికి వచ్చి, చాప మీద కూర్చుండి, నా పుస్తకముల అలమారవంక చాలసేపు చూచెను. "అయ్యోరా, మీ ఇంట్లో పూజలు తక్కువే కదా?" అనెను. పిదప నాడెప్పుడో నేను తల యూచిన సంగతిని జ్ఞాపకము చేసెను. ఇప్పుడు భారతము సంపుటముల ప్రక్క, గైడుపుస్తకమంత నల్లనిపెట్టె యొకటి పచ్చదీపము మిణుకుమనుచు కూర్చున్నది. దానిని తాకరాదని మా యింటిదానితో చెప్పితిని. ఏలయని యామె యడిగినది. దీపము పచ్చగా నుండవలె, ఎఱ్ఱగా గారాదు అని మాత్రము నాకు తెలియును. నిన్నరాత్రి కరెంటు పోయినప్పుడు ఆమె టార్చి తెచ్చి నా చేతికిచ్చి, వంటింటిలో పొయ్యిమీద పాలున్నవని చెప్పినదట. నేను ముందు అలమారవైపు పోయితినట.