మొహం మీద మహాసభ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. నర్సీపట్నం పక్కనున్న బలిఘట్టంలో చలితో పాటు నీడ కూడా పోతుంది. బలిచక్రవర్తి యాగం చేసిన చోటని చెప్పుకునే ఊరు అది. ఉత్తరంగా పారే వరాహ నదిలో మునిగి, బ్రహ్మలింగేశ్వరుణ్ణి చూసుకోవడానికి ఆ రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వస్తాయి. మధ్యాహ్నమయ్యేసరికి క్యూలో ప్రతి తల మీదా కొంగో, తువ్వాలో, ఏదీ లేకపోతే ప్రసాదం సంచో ఉంటుంది. కొబ్బరికాయల దుకాణాల వెనక ఒక్క టీ బడ్డీకి మాత్రం తాటాకు పందిరి ఉంది. అంచేత ఆంధ్రదేశపు చర్మవైద్యం మొత్తం ఆ పందిరి కిందకి చేరింది.

సభకి కారణం ఓ కోడలు పిల్ల. చంకలో ఎనిమిది నెలల బిడ్డ. రెండు చెంపల మీదా, పైపెదవి మీదా మట్టిరంగు మచ్చలు. పక్కన ఆడపడుచు, డిగ్రీ రెండో ఏడు. ఆ పిల్ల మొహం తెల్లగానే ఉంది గానీ ఆ తెలుపు కింద ఎరుపు, ఆ ఎరుపులో సన్నటి నరాలు. ఇద్దరూ టీ అడిగారు. టీ కంటే ముందు సలహా వచ్చింది.

"ఒలే గుంటా, మంగు కాదేటి అది?" అంది చిట్కాల పెద్దమ్మ. ఈవిడ లేని ఊరుండదు. జ్వరానికి మిరియాలు, పంటికి లవంగం, మొహానికి మాత్రం ఇంట్లో ఏది మిగిలితే అది. "జాజికాయ పాలల్లో అరగదీసి రాసీ. దాని మీద నిమ్మచెక్క రుద్దీసి కాసేపు ఎండలో కూకో. బేగి పోతాది."

"పోదు పెద్దమ్మా, కొత్తది వస్తాది," అంది బల్ల చివరన కూర్చున్న నర్సమ్మ. విశాఖ కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ చూసి చూసి రిటైరైన మనిషి. గొంతు పెంచదు, టీలో పంచదార వేసుకోదు. "నిమ్మలో ఫ్యూరోకూమరిన్లని ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలిపోతుంది, ఒక్కోసారి బొబ్బలొస్తాయి. అవి మానాక నల్లటి మచ్చ నెలల తరబడి ఉంటుంది. నిమ్మరసం పిండిన చేతులతో ఎండలో తిరిగి ఓపీకి వచ్చినవాళ్ళని చూశాను. నువ్వు చెప్పింది మచ్చలు పోగొట్టే మందు కాదు, తెప్పించే మందు."

"మా అమ్మమ్మ కాలం నించీ రాత్తన్నాం!"

"మీ అమ్మమ్మ రాసుకుని ఇంట్లో కూర్చుందేమో. ఎండ సంగతి ఎవరు కలిపారో మరి."

ఇంతలో రీల్స్ కుర్రాడు ఫోను మడిచి జేబులో పెట్టాడు. ఆ కుర్రాడు ఫోను జేబులో పెట్టాడంటే ఏదో గట్టి మాటే చెప్పబోతున్నాడని. "అక్కా, అసలు మచ్చలు ఇప్పుడు ట్రెండు. ఫారిన్‌లో అమ్మాయిలు ముక్కు మీద పెన్సిలుతో చుక్కలు గీసుకుంటున్నారు, తెలుసా? మనకి ఫ్రీగా వస్తే తీయించుకోడం దేనికి?"

అతను చెప్పినదాంట్లో సగం నిజమే. అక్కడ చుక్కలు గీసుకోవడం నిజం. కానీ ఆ చుక్కలు వేరు, ఈ మచ్చలు వేరు. తెల్లటి చర్మం, ఎర్రజుట్టు ఉన్నవాళ్ళకి చిన్నప్పుడే ముక్కు మీద, బుగ్గల మీద వచ్చే గోధుమరంగు చుక్కలు చాలావరకూ వంశపారంపర్యంగా వచ్చే లక్షణం. ఎమ్‌సీ1ఆర్ అనే జన్యువుకి వాటితో దగ్గరి సంబంధం ఉంది. ఎండాకాలం ముదురుతాయి, చలికాలం వెలిసిపోతాయి. మన చర్మానికి అవి తక్కువ. నలభై దాటాక చేతుల మీద, కణతల మీద వచ్చేవి ఏళ్ళ తరబడి తాగిన ఎండ లెక్కలు. కోడలు పిల్లకి వచ్చింది మూడోది, మంగు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు పెరగడం, గర్భం రాకుండా మింగే మాత్రలు, వంశం, వీటన్నిటి మీదా ఎండ. కొందరికి కాన్పయిన కొన్ని నెలలకి దానంతటదే పలచబడుతుంది. కొందరికి తగ్గినట్టే తగ్గి, మళ్ళీ వేసవికి తిరిగొస్తుంది.

రంగు కణాల సంఖ్య తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఇంచుమించు ఒక్కటే. తేడా అంతా అవి తయారుచేసే మెలనిన్‌లోనే. ఎండ తగిలినప్పుడల్లా లోపలి కణాలకి గొడుగు పట్టడమే దాని పని. ఆ గొడుగు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడితే దాన్ని మనం మచ్చ అంటున్నాం. నర్సీపట్నం మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ, సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఇక్కడి చర్మానికి సెలవుల్లేవు.

"ఇంత సైన్సెందుకమ్మా," అన్నాడు మందుల షాపు బాబాయి. తెల్లచొక్కా, జేబులో పెన్ను. తెలియనివాళ్ళు డాక్టరుగారూ అని పిలిస్తే కాదనడు. "నా దగ్గర చిన్న ట్యూబుంది. రాత్రి పూట బఠాణీ గింజంత. ఇదిగో, ఈ అమ్మాయిని అడగండి, ఏడాదిగా నా దగ్గరే తీసుకుంటోంది. ఎంత తెల్లబడిందో!"

అందరూ ఆడపడుచు వైపు చూశారు. ఆ పిల్ల చున్నీ ముందుకి లాక్కుంది.

"మానేస్తే ఏమవుతోందమ్మా?" అని అడిగింది నర్సమ్మ.

"మంటండి. ఎండలోకి వెళ్తే నిప్పు పెట్టినట్టు ఉంటాది. మొటిమలు కూడానూ. అందుకే మానట్లేదు."

నర్సమ్మ గ్లాసు కింద పెట్టింది. "అది స్టెరాయిడ్ పూత. మొదటి నెల రక్తనాళాలు ముడుచుకుని, రంగు తేలి, మొహం మెరుస్తుంది. ఆ మెరుపుకే అందరూ పడిపోతారు. తర్వాత చర్మం పలచబడుతుంది, నరాలు బయటపడతాయి, బుగ్గల మీద నూగు మొలుస్తుంది. మానేస్తే మంట, ఆ మంటకి మళ్ళీ అదే ట్యూబు. ఇది అలవాటు చేసే మందు బాబూ. నీకు గిరాకీ, దానికి గాయం."

ఆవిడ కోపానికి లెక్కలున్నాయి. భారత చర్మవైద్యుల సంఘం పత్రికలో 2011లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, మొహం బాధలతో వివిధ నగరాల ఓపీలకి వచ్చిన 2,926 మందిని విచారిస్తే 433 మంది స్టెరాయిడ్ పూతల్ని మొహానికి వాడుతున్నారు. వాళ్ళలో నూటికి తొంభై మందికి ఏదో ఒక హాని జరిగింది. సగానికి పైగా జనం వాడింది డాక్టరు కానివాళ్ళ మాట మీద. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ సంగతి షాపు బాబాయికి తెలియదనుకోవడం ఆయన్ని అవమానించడమే.

"చీటీ అడిగితే పక్క షాపుకి పోతారు సిస్టరుగారూ!"

"పక్క షాపాయన కూడా నీ గురించి ఇదే అంటాడు."

మచ్చలకి డాక్టర్లు వాడే ఒక మిశ్రమంలో స్టెరాయిడ్ ఉన్న మాట నిజం. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ఆ యోగాన్ని అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు 1975లో ప్రకటించారు. అది కొద్ది వారాలకి, డాక్టరు కళ్ళెదుట వాడాల్సినది. మన దగ్గర టూత్‌పేస్టులా ఇంటిల్లిపాదీ వాడుతున్నారు. హైడ్రోక్వినోన్ ఒక్కదాన్నే ఏళ్ళ తరబడి పూసినా, మచ్చ పోవడం అటుంచి కొందరికి నీలినలుపు తిరిగిన మరో మచ్చ దిగుతుంది. అది ఓ పట్టాన వదలదు. విచిత్రమేమిటంటే ఫెయిర్ అండ్ లవ్‌లీ మన మార్కెట్‌కి వచ్చిందీ అదే 1975లో. నలభై అయిదేళ్ళు పెళ్ళిచూపుల్ని ఏలాక, 2020 జులైలో ఆ పేరులో 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది.

"పేరు మారిందేమో గానీ గిరాకీ మారలేదండీ," అన్నాడు పెళ్ళిళ్ళ పేరయ్య, తన పాత బ్యాగు తడుముకుంటూ. "నా దగ్గర నూరు బయోడేటాలుంటే నూటిలోనూ అమ్మాయి 'తెలుపు'. చామనఛాయ అని రాసిన కాగితం తిరిగి రాదు. మొన్నో అబ్బాయి, బొగ్గుబస్తాకి చొక్కా తొడిగినట్టుంటాడు, ఆయనకీ తెల్లపిల్లే కావాలి. నేనేం చెయ్యను?"

"సాయిపల్లవి ఫెయిర్‌నెస్ క్రీము యాడ్ వద్దంది, రెండు కోట్లు!" అన్నాడు రీల్స్ కుర్రాడు. 2019 నాటి ఆ వార్త అతని దగ్గర ఇంకా వేడిగానే ఉంది.

"ఆవిడకి సంబంధాలు నేను చూడక్కర్లేదు బాబూ."

ఇప్పటిదాకా నోరు విప్పని టీ బడ్డీ ఆయన అప్పుడు అందుకున్నాడు. చెరకు రైతు కొడుకు. "మన అనకాపల్లి బెల్లానికీ ఇదే ఖర్మ కదండీ. గానుగ దగ్గర వండిన బెల్లం సహజంగా ముదురు రంగు. మార్కెట్‌లో పచ్చగా మెరిసే దిమ్మకి రేటెక్కువ. అంచేత పాకంలో హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు, రంగు తేలిపోతాది. తినేవాడు తెల్లది మంచిదనుకుంటాడు, రైతు ఇంట్లోకి మాత్రం వెయ్యని బెల్లం దాచుకుంటాడు." అని గ్లాసుల్లోకి టీ పోశాడు. ఆ రోజు పందిరి కింద సామాజిక శాస్త్రం మాట్లాడింది ఆయనొక్కడే.

పార్లరు అక్క ఆలస్యంగా వచ్చినా ఆయుధాలతో వచ్చింది. బ్లీచు, గోల్డు ఫేషియలు, దుబాయి నుంచి తెప్పించిన లేబులు లేని క్రీము. బ్లీచు తెల్లబరిచేది ముఖ్యంగా మొహం మీది నూగుని, లోపలి మచ్చని కాదు. మన చర్మానికి అది మండిందంటే ఆ మంట తగ్గిన చోటే మళ్ళీ నల్లబడుతుంది. లేజరు విషయంలోనూ, గాఢమైన పీలింగు విషయంలోనూ చేయి తిరగనివాళ్ళ దగ్గర ఇదే భయం.

"ఆ లేబులు లేనిదాన్ని మాత్రం పారెయ్యి తల్లీ," అంది నర్సమ్మ. "కేరళలో కొట్టక్కల్ డాక్టర్లు కిడ్నీ జబ్బు కేసులు చూసి బిత్తరపోయారు. 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన 22 మందిలో 15 మందికి ఒక అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాసినవాళ్ళే. ఆ క్రీముల్లో ఉండేది పాదరసం! మెలనిన్ తయారీని ఆపుతుంది, చర్మం లోంచి దిగి కిడ్నీని పట్టుకుంటుంది."

"అయితే ఏం రాయాలో చెప్పండి, అన్నీ వద్దంటారేటి?" అంది కోడలు పిల్ల. సభ మొదలయ్యాక ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

నర్సమ్మ దగ్గర రంగుల సీసాలేం లేవు. ముందు ఎండని ఆపడం. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీను కమిలించే కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. ఒక్క శాతం కోసం డబ్బులు పోసుకోనక్కర్లేదు. మంగుకి కంటికి కనిపించే వెలుతురు కూడా పడదు గనక ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీను మేలు. బస్సు కిటికీ అద్దం కమిలించే కిరణాల్ని ఆపుతుంది గానీ మచ్చల్ని ముదిరించే యూవీఏని లోపలికి వదిలేస్తుంది. తర్వాత అజెలాయిక్ ఆమ్లం లాంటివి, ఒక్కోసారి రక్తస్రావం ఆపడానికి పుట్టిన ట్రానెక్సామిక్ ఆమ్లం. పాలిచ్చే తల్లికి వీటిలో ఏది పనికొస్తుందో, ఏది కూడదో చర్మ డాక్టరే తేల్చాలి. ఫలితం వారాల్లో కాదు, నెలల్లో. ఆడపడుచు సంగతి వేరే. ఆ ట్యూబు ఒక్కసారిగా ఆపినా చిక్కే, ఆపకపోయినా చిక్కే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా మాన్పించాలి.

"నేను ఉపాధి పనికి వెళ్తానండి," అంది కోడలు.

ఇక్కడ పందిరి కింద లెక్క మొదలైంది. మొహానికీ మెడకీ సరిగ్గా రాస్తే ఒక్కసారికి గ్రాముకి పైనే పడుతుంది. ఎండలో రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలంటారు. పోనీ, రోజుకి రెండుసార్లే అనుకున్నా నాలుగైదు వందల ట్యూబు ఇరవై రోజులకి అయిపోతుంది. అంటే మట్టి తవ్వితే వచ్చే రెండు రోజుల కూలి దగ్గర దగ్గర మొహానికే. ఇక్కడ షాపులూ, రీల్సూ, పత్రికల అందాల పేజీలూ అన్నీ మౌనం వహిస్తాయి. నర్సమ్మ మాత్రం దబాయించలేదు. "కొనగలిగినప్పుడు కొనుక్కో. లేనప్పుడు చెవులూ చెంపలూ కప్పేలా మందపాటి నూలుగుడ్డ చుట్టుకుని, దాని మీద వెడల్పాటి అంచున్న టోపీ పెట్టు. పదకొండులోపు పని ముగిసేలా మేస్త్రీని అడుగు. గుడ్డకి ఎక్స్‌పైరీ డేటు లేదు."

"బొట్టుబిళ్ళ కింద తెల్లబడ్డా ఇదేనా?" అని పెద్దమ్మ మెత్తగా అడిగింది.

"అది జిగురు లోని రసాయనం పని, బిళ్ళ మార్చు. ఏ పాలిపోయిన మచ్చలోనైనా గిల్లితే తెలియకపోతే మాత్రం చిట్కాలు మానేసి ఆసుపత్రికి రా. కుష్ఠుకి మందు ఉచితం, ఆలస్యానికే ఖరీదు."

సభ ముగుస్తుందనగా పేరయ్య కండువా తీసి మెడ తుడుచుకున్నాడు. మెడ వెనక నల్లగా, మందంగా, మడతలు పడిన పట్టీ. పార్లరు అక్క చెయ్యి అప్పుడే స్క్రబ్బు డబ్బా మీదకి వెళ్ళింది.

"దాన్ని తోమకు," అంది నర్సమ్మ. "ఎన్నాళ్ళయింది బాబూ?"

"రెండు మూడేళ్ళు. మురికనుకుని పీచుతో రుద్దుతున్నానమ్మా, పోవట్లేదు."

"మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచెయ్యనప్పుడు మెడ మీద, చంకల్లో ఇలా నల్లబడుతుంది. రేపు పరగడుపున నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి వెళ్ళి షుగరు చూపించుకో."

పేరయ్య చేతిలో గ్లాసు వైపు చూసుకున్నాడు. మూడో టీ, మూడు చెంచాల పంచదార. మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. షాపు బాబాయి ముందుకి వంగి, "షుగరు బిళ్ళలు నా దగ్గర ఏ కంపెనీవైనా ఉంటాయండీ," అన్నాడు. తర్వాత నర్సమ్మ వైపు ఓ చూపు చూసి, గొంతు సవరించుకుని, "చీటీ తెచ్చుకోండేం," అని కలిపాడు.