గాలి లెక్క నాది

నా పూర్తి పేరు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్. సికింద్రాబాద్ మెకానిక్కులకు ఉత్త ‘మాఫ్’. ఓ టర్బో పెట్రోల్ కారులో ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ నడుమ ఉంటాను.

వేడిగా ఉండటమే నా ఉద్యోగం. కరెంటు నా తీగను చుట్టూ ఉన్న గాలికంటే వంద డిగ్రీలకు పైగా వేడిలో ఉంచుతుంది. పారే గాలి ఆ వేడిని లాక్కుపోతుంది. తగ్గిన వేడిని పూడ్చడానికి ఎంత కరెంటు పట్టిందో, అదే గాలి లెక్క. మామూలు నడకలో గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి చొప్పున ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీయూ ఇంధనం పోయిస్తుంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఈ ఊళ్లో, అందులోనూ మే ఎండల్లో, గాలి పలచబడుతుంది. నేను కొలిచేది బరువు గనుక ఆ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి తోపుకి రెక్క కదిలే పాతకాలపు మీటర్లకు ఈ తెలివి లేదు. 1980ల మొదట్లో బాష్ కంపెనీ వేడి తీగను కార్లలోకి తెచ్చాక అవి మెల్లగా మూలపడ్డాయి.

మా ఓనర్‌కు చప్పుడంటే మోజు. రాణిగంజ్‌లో అల్యూమినియం పైపు కొని, నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ తెచ్చి, ఓ గ్యారేజీలో బిగించుకున్నాడు. ‘పైపు పెద్దగుంటే గాలి ఎక్కువొస్తదన్నా’ అన్నాడు అక్కడి కుర్రాడు.

కొత్త పైపు వ్యాసం పది శాతం ఎక్కువ. అంటే లోపలి వైశాల్యం 21 శాతం పెరిగింది. అదే గాలి నా ముందు నింపాదిగా నడుస్తోంది. ఈసీయూ దగ్గరున్నదేమో పాత గొట్టానికి రాసిన పట్టిక. గాలి తక్కువనుకుని పెట్రోలు తగ్గించేది. పైగా నన్ను వంపు దాటిన వెంటనే కూర్చోబెట్టారు. అక్కడ గాలి బయటి గోడకేసి ఒత్తుకుంటూ, సుడులు తిరుగుతూ వస్తుంది. పెళ్లిపందిట్లో పరిగెత్తే పిల్లల్ని లెక్కపెట్టమన్నట్టుంది నా పని. ఫిల్టర్ నూనె తీగకు అంటుకోవడం అదనం.

ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర బండి బుద్ధిగానే ఉండేది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ నా తప్పు దిద్దేది మరి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఆ దిద్దుబాటు ఆగి, చాలావరకు నా మాటే చెల్లుతుంది. టర్బో ఊదుతున్న ఇంజిన్‌లో పెట్రోలు చాలకపోతే, మిశ్రమం తనంతట తానే పేలే నాకింగ్ మొదలై పిస్టన్ల మీదికొస్తుంది.

కార్ఖానాలో ఓ పెద్దాయన స్కానర్ పెట్టి, బండి గట్టిగా తోలి చూశాడు. 150 గుర్రాల ఇంజిన్ సెకనుకు సుమారు 120 గ్రాముల గాలి పీల్చాలి. నేను వంద దాటడం లేదు. నన్ను తిట్టలేదు, మార్చమనీ అనలేదు. గుడ్డ తగలనివ్వకుండా సెన్సర్ స్ప్రేతో కడిగాడు. వ్యాసానికి పది రెట్ల సీదా పైపు నా ముందుంటే మేలే కానీ, బానెట్ కింద అంత చోటేదీ? అందుకే జల్లెడ ఉన్న నా పాత గొట్టాన్నే వెనక్కి తెచ్చి, వంపును దూరం జరిపాడు. నా తర్వాతి క్లాంపులన్నీ బిగించాడు; అక్కడ దూరే గాలి నా కంట పడదు.

ఓనర్‌కు ఇంకో కోరిక మిగిలింది: గేరు మార్చినప్పుడు గాలిని ‘ఫుష్’మంటూ బయటికి వదిలే వాల్వ్. ఆ గాలిని నేను అప్పటికే లెక్క రాసేశాను, దాని వంతు పెట్రోలూ పడిపోతుంది. దాన్ని బయటికి పోనివ్వకుండా నాకూ టర్బోకూ మధ్య పైపులోకే తిప్పాలన్నాడు పెద్దాయన.

‘మరి సౌండెట్ల, కాకా?’

‘సౌండే గావాల్నంటే స్పీకర్లు పెట్టించుకో బిడ్డా.’