మా రోజుల్లో ఆదాయం ముందు, ఖర్చు తర్వాత

మా రోజుల్లో రోడ్డు వేయాలంటే ముందు గ్యాలన్లు లెక్కపెట్టేవాళ్లం. వచ్చే ఏడాది రాష్ట్రంలో ఎంత పెట్రోలు అమ్ముడవుతుంది, గ్యాలనుకు ఎన్ని సెంట్ల పన్ను, వెరసి చేతికి ఎంత వస్తుంది? ఇది తేలాకే ఏ వంతెన బాగుచేయాలి, ఏ హైవేకి కొత్త తారు వేయాలి అన్న మాట ఎత్తేవారు. ఇప్పుడు వరస తిరగబడింది. ముందు పనుల జాబితా వస్తుంది, దాని పక్కన ఖర్చు వస్తుంది, ఆ ఖర్చుకు సరిపడే ఆదాయం అంచనా అన్నిటికన్నా చివర వస్తుంది.

నేను అమెరికాలో ఒక రాష్ట్రంలో, రోడ్లకు వచ్చే ఆదాయం లెక్కగట్టే ఆఫీసులోనే నా ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటున్నాను. మనవాళ్లు నలుగురు కలిస్తే గ్యాస్ (పెట్రోలు) ధర పెరిగిందని గొణుగుతారు గానీ, అందులో పన్ను ఎంత, దాన్ని ఎవరు ఏ లెక్కమీద నిర్ణయించారు అని అడిగేవాళ్లు అరుదు. అది తెలుసుకోవలసిన సంగతి.

ఆ పని ఎలా చేసేవాళ్లమో చెప్తాను. గ్యాస్ పన్ను బంకు దగ్గర వసూలయ్యేది కాదు. టెర్మినల్‌లో ట్యాంకర్ నిండినప్పుడే అది పంపిణీదారు ఖాతాలో పడుతుంది. వాళ్లు నెలనెలా పంపే లెక్కలే మాకు ఆధారం. జనవరిలో మంచు దంచికొడితే గ్యాలన్లు పడిపోయేవి, ఎండాకాలం సెలవులకు లేచేవి. ఒక నెల అంకె తేడాగా కనిపిస్తే ఫోన్ చేసి అడిగేవాళ్లం: అమ్మకమే తగ్గిందా, లెక్క ఆలస్యంగా పంపారా? మొదట్లో లెడ్జర్ పుస్తకాలు, తర్వాత కంప్యూటర్లో లోటస్ 1-2-3. సాధనం ఏదైనా, ప్రతి అంకె వెనక నిజంగా అమ్ముడైన గ్యాలను ఉండేది.

అంచనాలో ప్రధానంగా మూడే సంఖ్యలు: జనం ఎన్ని మైళ్లు నడుపుతారు, బండి గ్యాలనుకు ఎంత దూరం పోతుంది, పన్ను రేటు ఎంత. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే కారు గ్యాలనుకు 20 మైళ్లు ఇస్తే 600 గ్యాలన్లు తాగుతుంది. 18.4 సెంట్ల చొప్పున ఫెడరల్ పన్ను 110 డాలర్ల 40 సెంట్లు. అదే కారు 30 మైళ్లు ఇస్తే 73 డాలర్ల 60 సెంట్లు. 50 మైళ్లు ఇచ్చే హైబ్రిడ్ అయితే 44 డాలర్ల 16 సెంట్లు. పూర్తిగా కరెంటు బండి అయితే సున్నా. రోడ్డు మీద అరుగుదల మాత్రం నాలుగింటికీ దాదాపు ఒకటే. చేతివేళ్ల మీద చేయగల ఈ లెక్కను వాషింగ్టన్ పెద్దలు చూడనట్టే కూర్చున్నారు.

ఈ గ్యాస్ పన్ను పద్ధతికి పునాది వేసినవాళ్లు మాత్రం గట్టివాళ్లు. గ్యాస్ మీద పన్ను వేసిన మొదటి రాష్ట్రం ఒరెగన్, 1919లో, గ్యాలనుకు ఒక సెంటు. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హయాంలో ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టంతో పాటు హైవే ట్రస్ట్ ఫండ్ అనే నిధి పెట్టారు, ఫెడరల్ పన్ను 3 సెంట్లయింది. వర్జీనియా సెనేటర్ హ్యారీ బర్డ్ ఆ చట్టంలో ఒక మెలిక పెట్టించాడు: నిధిలోకి వచ్చే ఆదాయం చాలదని అంచనా చెబితే రాష్ట్రాల కేటాయింపులకు కోత పడాల్సిందే. మన ఇళ్లలో ఉగాది పంచాంగంలో ఆదాయం 5, వ్యయం 11 అని వినపడితే, ఆ ఏడు చెయ్యి బిగించి ఖర్చుపెట్టాలని పెద్దవాళ్లు అప్పుడే చెప్పేవాళ్లు. బర్డ్ షరతు చేసిందీ అదే. 1959లో డబ్బు చాలదని తేలగానే మొహమాటపడకుండా పన్నును 4 సెంట్లు చేశారు. 1983లో రీగన్ కాలంలో అది 9 సెంట్లయింది. పన్నులంటే పడని అధ్యక్షుడు కూడా రోడ్డు వాడుకునేవాడే రోడ్డు ఖర్చు భరించాలని ఒప్పుకున్నాడు.

మా కాలంలో పని కొంత తేలికన్న మాట నిజమే. జనం ఏటికేడు ఎక్కువ మైళ్లు నడిపేవాళ్లు, గీత పైకే పోయేది. కానీ అంచనా తప్పితే నొప్పి తగిలేది. పని ఆగేది, కాంట్రాక్టరు గొడవపడేవాడు, చట్టసభ సభ్యుడు ఫోన్ చేసేవాడు. అందుకే అందరి కన్నూ మా అంకె మీద ఉండేది. నొప్పి తగిలే చోటే జాగ్రత్త ఉంటుంది.

ఆ నొప్పిని తప్పించుకోవడం 2003 బడ్జెట్‌తో మొదలైందని నా అభిప్రాయం. 1998 నాటి ఫెడరల్ రోడ్ల చట్టంలో ఒక మంచి నియమం ఉండేది: నిధి ఆదాయం అంచనా పెరిగితే రోడ్ల ఖర్చు పెరగాలి, తగ్గితే తగ్గాలి. మూడేళ్లు వరసగా అదనపు డబ్బు వచ్చింది, అందరూ సంతోషంగా పంచుకున్నారు. ఆర్థిక మాంద్యం వచ్చాక అదే సూత్రం 2003 బడ్జెట్‌లో 400 కోట్ల డాలర్లకు పైగా కోత పెట్టమంది. కాంగ్రెస్ ఆ కోతను రద్దు చేసేసింది. లాభం వచ్చినప్పుడు అంచనా ముద్దు, నష్టం వచ్చినప్పుడు చేదు!

ఆ తర్వాత కథ తెలిసిందే. ఫెడరల్ పన్ను 1993 నుంచి 18.4 సెంట్ల దగ్గరే నిలబడిపోయింది. ధరల పెరుగుదలకు దాని విలువ సగానికి పైగా కరిగింది. 2008 సెప్టెంబరులో నిధి ఖాళీ కావస్తుంటే సాధారణ ఖజానా నుంచి 800 కోట్ల డాలర్లు తెచ్చి పోశారు. ఒక్కసారికే అన్నారు. 2021 నాటి చట్టంతో పోసిన 11,800 కోట్లు కలిపితే, ఇలా పోసింది 27,000 కోట్ల డాలర్లు దాటింది. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్క ప్రకారం 2028లో నిధి మళ్లీ అడుగంటుతుంది. అంచనా తప్పినా అప్పు చేసి పూడుస్తుంటే, అంచనా ఎవరికి కావాలి?

2004 తర్వాత దేశంలో డ్రైవింగ్ పెరుగుదల నెమ్మదించింది, 2008లో తగ్గింది కూడా. అయినా ఏళ్ల తరబడి అధికార నివేదికలు పాత గీతనే పైకి సాగదీస్తూ పోయాయి. టోల్ రోడ్లది మరీ అన్యాయం. ఇండియానా టోల్ రోడ్డును 2006లో 380 కోట్ల డాలర్లకు 75 ఏళ్లు లీజుకు తీసుకున్న కంపెనీ 2014లో దివాలా తీసింది. టెక్సస్‌లో గంటకు 85 మైళ్ల వేగం అనుమతించిన 130 నంబరు టోల్ రోడ్డు భాగం 2012లో తెరుచుకుంది, 2016లో దాని నిర్వాహకులు దివాలా కోర్టుకు వెళ్లారు. ఫెడరల్ ప్రభుత్వం దానికి 43 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చి ఉంది. కొత్త టోల్ రోడ్లలో ట్రాఫిక్ అంచనా సగటున 20 నుంచి 30 శాతం ఎక్కువ ఉంటోందని రేటింగ్ సంస్థ స్టాండర్డ్ అండ్ పూర్స్ ఎప్పుడో చెప్పింది. రోడ్డు కట్టాలని ముందే తీర్మానించుకున్నవాళ్లు అంచనా వేయిస్తే అది ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

ఇక నేనుండే న్యూజెర్సీ సంగతి. ఏళ్ల తరబడి ఇక్కడ గ్యాలనుకు 14.5 సెంట్లే పన్ను. అప్పుల మీద అప్పులు చేసి, చివరకు రోడ్ల నిధికి వచ్చే గ్యాస్ పన్నంతా పాత బాకీలకే సరిపోయే స్థితికి తెచ్చారు. 2016 జులైలో గవర్నర్ క్రిస్ క్రిస్టీ పనులు ఆపించాడు. అక్టోబరులో చట్టం వచ్చింది, నవంబరు 1 నుంచి పన్ను ఒక్కసారిగా 23 సెంట్లు పెరిగింది. చవక గ్యాస్ కోసం న్యూయార్క్, పెన్సిల్వేనియా నుంచి వచ్చే బళ్లు ఇక ఎన్ని వస్తాయో కూడా లెక్కగట్టాల్సి వచ్చింది.

ఆ చట్టం ప్రకారం ఏటా రాబట్టాల్సిన మొత్తం ముందే ఖాయం, అప్పట్లో సుమారు 200 కోట్ల డాలర్లు. అమ్మకాలు తగ్గితే రేటు పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. 2020 ఏప్రిల్‌లో కరోనా దెబ్బకు దేశంలో డ్రైవింగ్ అంతకుముందు ఏప్రిల్‌తో పోలిస్తే 40 శాతం పడిపోయింది. ఆ అక్టోబరులో ఇక్కడ పన్ను 9.3 సెంట్లు పెరిగింది. మరుసటి ఏడాది అక్టోబరులో 8.3 సెంట్లు తగ్గింది. పన్ను పెరిగిన ఆ ఏడాది ఇళ్లలో కూర్చుని పనిచేసుకునేవాళ్లకు ఏమీ కాలేదు. రోజూ గోదాముకు, ఆస్పత్రికి, హోటలుకు పాత కారులో పోయేవాళ్ల జేబుకు చిల్లుపడింది. అది నాకు కష్టం కలిగించింది. అయినా వాషింగ్టన్ పద్ధతికన్నా ఇదే నయమంటాను. ఇక్కడ తప్పు బంకు దగ్గర బోర్డు మీద కనిపిస్తుంది. అక్కడ అప్పు కింద కప్పేస్తారు.

కరెంటు బళ్లవాళ్లూ తమ వంతు ఇవ్వాలి. న్యూజెర్సీ 2024 జులైలో ఏడాదికి 250 డాలర్లతో రుసుం మొదలుపెట్టింది. కానీ నెలకోసారి బండి తీసేవాడికీ, రోజూ వంద మైళ్లు తిరిగేవాడికీ ఒకే రుసుం న్యాయం కాదు. ఒరెగన్ 2015లోనే మైలుకింత అని స్వచ్ఛంద పద్ధతి మొదలుపెట్టింది. హవాయి 2025 నుంచి కరెంటు బళ్లకు ఆ దారి పట్టింది. ఎవరు ఎంత నడిపితే అంత ఇవ్వడం: నిజానికి మా గ్యాలన్ల లెక్క ఉద్దేశం కూడా అదే.

నేను కోరేది ఎక్కువేం కాదు. ప్రతి రవాణా బడ్జెట్ మొదటి పేజీలో, కిందటేడు వేసిన అంచనా, నిజంగా వచ్చిన ఆదాయం పక్కపక్కన అచ్చువేయాలి. పదేళ్లవి వేస్తే ఇంకా మంచిది. అంచనా వేసేవాళ్లు రోడ్డు కట్టేవాళ్ల చేతికింద ఉండకూడదు. ఆదాయం తగ్గితే ఆ ఏడాదే పన్ను పెంచాలి, లేదా పని ఆపాలి. ఏది చేసినా జనం ముందు చెప్పి చేయాలి. ఎడిసన్‌లోనూ, డాలస్‌లోనూ, ఫ్రీమాంట్‌లోనూ ఓటు హక్కున్న మన తెలుగువాళ్లు వేల మంది ఉన్నారు. ఎన్నికలప్పుడు మీ చట్టసభ సభ్యుడు గుమ్మంలోకి వస్తే కొత్త రోడ్డు ఎప్పుడేస్తావని అడగొద్దు. దానికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది, కిందటిసారి చెప్పిన అంకె ఎంత తప్పింది అని అడగండి. జవాబు తెలిసిన మనిషికే ఓటెయ్యండి.