పసుపు గొడుగు వెనక ఇస్తాంబుల్

ఇస్తాంబుల్ నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. కాళ్ళనొప్పులు తగ్గాయి, వేళకి నిద్ర పడుతోంది, తివాచీల కొట్టతను మాత్రం వదల్లేదు. తెల్లారి ఫోన్ తీస్తే శుభోదయం మందారాల మధ్య ఓ ఎర్ర తివాచీ ఫొటో. కింద "మై బ్రదర్, నీకోసం ప్రత్యేక ధర". నా సొంత తమ్ముడు సంక్రాంతికైనా మెసేజ్ పెట్టడు.

నంబరెందుకిచ్చావని అడక్కండి. ఉచితంగా ఆపిల్ టీ తాగినవాడు ఏమడిగినా ఇస్తాడు.

గైడుతో ఒక్కరోజు దర్శనమంటే తెలిసిందేగా. పొద్దున ఏడున్నరకి లాబీ, మెడలో పరికరం, చెవిలో గొట్టం, ముందు గొడుగు. మాది పసుపు గొడుగు. సుల్తానహ్మెట్ చౌకులో వాన అందుకుంది. గైడుగారు నిలువునా తడిశారుగానీ గొడుగు విప్పలేదు. విప్పితే మాకు ఆనవాలు దొరకదట. ఆనవాలు దొరికి మేమూ తడిశాం.

ఆ తడుపులోనే నేను ఇంకెవరిదో పసుపు గొడుగు వెంట పడిపోయాను. చెవిలో మాత్రం మా గైడే. "మీ ఎదురుగా ఉన్నది ఫారో మూడో థుట్మోస్ చెక్కించిన రాతిస్తంభం. ఈజిప్టు నుంచి తెచ్చి 390లో ఇక్కడ నిలబెట్టారు." నా ఎదురుగా చూద్దునుగదా, ఎనిమిది స్తంభాల మండపం, పైన గుమ్మటం, చుట్టూ కుళాయిలు. ఫారోలు కుళాయిలు కూడా పెట్టించారా అని మురిసిపోయి నాలుగు ఫొటోలు తీశాను. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ కానుకగా ఇచ్చిన ఫౌంటెనట అది, 1901లో ప్రారంభించారట. "ఇది డెల్ఫీ నుంచి వచ్చిన కంచు స్తంభం, మెలివేసుకున్న మూడు పాములు, తలలు విరిగిపోయాయి" అని వినిపించేసరికి నా ముందు మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న బండి ఉంది. దాన్నీ ఫొటో తీశాను. ఇప్పుడు చుట్టాలకి చూపించేటప్పుడు ఏది ఫారోదో, ఏది పొత్తులదో నేనే తడబడుతున్నాను.

హాగియా సోఫియాకి ఇచ్చింది ముప్పై అయిదు నిమిషాలు. టికెట్టు 25 యూరోలు. 537లో కట్టడం పూర్తయి చర్చి అయింది, 1453లో మసీదైంది, తర్వాత మ్యూజియం, 2020లో మళ్ళీ మసీదు. ఒక్కో అవతారానికి తొమ్మిది నిమిషాలైనా రాలేదు. మాబోటి విదేశీ యాత్రికుల్ని మేడమీది గ్యాలరీకే పంపుతారు. అక్కడ పాలరాతి పిట్టగోడ మీద వెయ్యేళ్ళ కిందట హాఫ్‌డాన్ అనే వైకింగు తన పేరు గీకిపోయాడు. గోల్కొండ గోడల మీద బాణం గుచ్చిన గుండె గీసే మన కుర్రాళ్ళకి ఆదిపురుషుడన్నమాట. అదెక్కడుందా అని ఒంగి వెతుకుతుంటే చెవిలో "రెండు నిమిషాల్లో అందరూ బయట!". ఆ వైకింగుకి గీకడానికున్న తీరిక నాకు చూడ్డానికి లేకపోయింది.

తివాచీల కొట్టుకి మాత్రం గంటా నలభై నిమిషాలు. దాన్ని కొట్టనకూడదు, కార్యక్రమంలో "హస్తకళా ప్రదర్శన" అని అచ్చేశారు. గోడవారగా బల్లలు, చేతిలో నడుం సన్నటి గాజు గ్లాసు. "కొనక్కర్లేదు, చూస్తే చాలు" అన్నాడు సూటువేసుకున్నాయన. ఈ మాట మా బెజవాడ చీరల కొట్లో విన్నప్పుడల్లా నాకు ఎంతయిందో గుర్తొచ్చి వణికాను. ఇద్దరు కుర్రాళ్ళు తివాచీని గాల్లో గిరుక్కున తిప్పి పరిచారు. ఇటునుంచి చిలకాకుపచ్చ, అటునుంచి ముదురాకుపచ్చ. అందరం "ఓ" అన్నాం. ఇంకోటి తిప్పారు. మళ్ళీ "ఓ". ముప్పయ్యో తివాచీ దగ్గర "ఓ" ఆవులింతైంది.

"ఏమండీ, ఇది ఉతికేదెట్లాగో అడగండి" అంది మా ఆవిడ.

అడిగాను. పది నిమిషాలు చెప్పాడు.

"ఆరేసేదెక్కడ? మన బాల్కనీలో మీ పంచెకే చోటు లేదు."

ఇక లాభంలేదని పారిపోయే దారి వెతికాను. "మాకు తివాచీలు కొత్త కాదండీ. మాది ఏలూరు. మా ఊళ్ళోనే నేస్తారు" అన్నాను, కాస్త ఛాతీ విరిచి.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. గొంతులోంచి అమ్మకం పోయింది. "అలాగా? ముడి ఏ రకం? మాలాగా రెండు పడుగు పోగుల్ని కలిపి వేస్తారా, పర్షియా ముడా? అంగుళానికెన్ని?" మూలన మగ్గం ముందు కూర్చున్నావిడ కూడా చెయ్యి ఆపి నావైపు తిరిగింది.

నాకేం తెలుసు?

మా ఊళ్ళో తివాచీలు నేసే తంగెళ్ళమూడి మీదుగా ఏళ్ళ తరబడి సైకిలు తొక్కాను. పర్షియా నుంచి వచ్చినవాళ్ళ సంతతి అని పెద్దవాళ్ళు చెప్పుకునే ఇళ్ళు, వాకిట్లో ఆరేసిన రంగు ఉన్ని, లోపలినుంచి మగ్గం మీద టకటకమని దెబ్బలు. ఒక్కరోజూ సైకిలు దిగలేదు. మన ఊరేగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆ టకటక ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో ఉందో కూడా అడిగిన పాపాన పోలేదు.

ఏదో నవ్వి, "చాలా ఉంటాయండీ" అన్నాను. ఆయన మర్యాదస్తుడు, రెట్టించలేదు. అప్పుడే గుమ్మంలో పసుపు గొడుగు లేచింది.

ఇవాళ పొద్దున ధర ఇంకో వంద యూరోలు తగ్గింది.