మా అత్తయ్య చూసిన గేమ్ ఆఫ్ థ్రోన్స్

గేమ్ ఆఫ్ థ్రోన్స్ మీద వచ్చినన్ని విశ్లేషణలు మరే సీరియల్ మీదా వచ్చి ఉండవు. మా అత్తయ్య విశ్లేషణ మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. ఆ లోటు నేను తీరుస్తున్నాను.

2016 నుంచి హాట్‌స్టార్‌లో అది అమెరికాతో పాటే వచ్చేది. వాళ్ళకి ఆదివారం రాత్రి తొమ్మిది, మనకి సోమవారం పొద్దున్న ఆరున్నర. ఆలస్యంగా చూస్తే ఆఫీసులో ఎవడో ఒకడు కథ చెప్పేస్తాడు. కనక ఆ ఏడాది సీజన్ మొదలయ్యేలోపే పాతవన్నీ అత్తయ్యకి చూపించి సిద్ధం చేశాను. కొన్ని సన్నివేశాల దగ్గర నేను ఫోన్ చూసుకునేవాణ్ణి, ఆవిడ పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళేది. పొయ్యి మీద పాలు లేవని ఇద్దరికీ తెలుసు.

తెలుగు సీరియళ్ళలో ఆరితేరిన మనిషి కావడంతో నెడ్ స్టార్క్ చావుని ఆవిడ ఒప్పుకోలేదు.

“పోస్టర్ మీదున్న మనిషిని తొమ్మిదో ఎపిసోడ్‌లోనే చంపుతార్రా? మళ్ళీ వస్తాడు, చూడు.”

“తల నరికి కోటగోడ మీద గుచ్చారు కదత్తయ్యా!”

“అయితే కవల తమ్ముడుంటాడు.”

2015 జూన్‌లో ఆ కథలోని మరో నాయకుడు జాన్ స్నోని సొంతవాళ్ళే పొడిచారు. జూలైలో మన కట్టప్ప బాహుబలిని పొడిచాడు. కట్టప్ప సంగతి తేలడానికి 2017 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. స్నో బతుకుతాడా లేదా అని ప్రపంచమంతా దాదాపు ఏడాదిపాటు బుర్ర బద్దలు కొట్టుకుంది. అత్తయ్య మాత్రం పప్పులో పోపు వేస్తూ “లేస్తాడు” అని తేల్చేసింది. 2016 మే నెలలో లేచాడు. ఆ వారమంతా నాకు ఇంట్లో మాట్లాడే హక్కు లేకపోయింది.

అసలు నవలలు రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో మొదలుపెట్టి, సీరియల్ మొదలైన 2011లోనే ఐదో పుస్తకం తెచ్చారు. ఆరోది రాలేదు. సీరియల్ పుస్తకాన్ని దాటి వెళ్ళిపోయింది. ముగింపులో ముఖ్యమైన సంగతులు ఆయన సీరియల్ తీసేవాళ్ళకి నోటితో చెప్పారంటే అత్తయ్యకి నచ్చలేదు. “మన వారపత్రికల రోజుల్లో ప్రెస్సువాళ్ళు కుర్రాణ్ణి పంపి రచయిత గుమ్మంలో కూర్చోబెట్టేవారు. ఆ వారం భాగం చేతిలో పడందే వాడు లేచేవాడు కాదు” అంది.

2019లో చివరి సీజన్ వచ్చింది. విందు బల్ల మీద కాఫీ కప్పు మర్చిపోయారని లోకం నవ్వితే, “పాపం, వాళ్ళూ పెందలాడే లేచారేమో” అంది. చివరిదానికి ముందు భాగంలో డ్రాగన్ల రాణి డెనేరిస్ ఊరంతా తగలబెట్టింది. అంతకుముందు ఏడాదే అమెరికాలో ఐదొందల మందికి పైగా ఆడపిల్లలకి ఆవిడ బిరుదు ‘ఖలీసీ’ని పేరుగా పెట్టుకున్నారు. “బారసాలకి మనం ఇరవై ఒకటో రోజుదాకా ఆగమూ? వాళ్ళు ఆఖరి ఎపిసోడ్‌దాకా ఆగాల్సింది” అని తీర్పు చెప్పింది.

ఆ సీజన్ మళ్ళీ తీయాలని పదిహేను లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అత్తయ్య చెయ్యలేదు. ఆరు ఎపిసోడ్లతో చుట్టేశారన్నదే ఆవిడ ఫిర్యాదు. “మనవాళ్ళకిస్తే ఆ పిల్ల డ్రాగన్ ఎక్కడానికే ఆరు వారాలు పట్టేది. ఈలోపు మనసు మార్చుకునేదేమో!”

నా ఓటు కూడా అత్తయ్యకే. మార్టిన్‌గారు ఉండేది అమెరికాలోని శాంటా ఫేలో. అక్కడ మీ పిల్లలెవరైనా ఉంటే, దయచేసి ఆయన గుమ్మంలో కూర్చోమనండి.